చింతపండు పీచు

మా మేనమామ ధర్మ, దేవుడిలాంటి మనిషని మా ఊరు బులిలేకాలో అందరూ అంటారు. అననివ్వండి. ఆ దేవుడు ఒక మనిషి పరువు తీశాడు. ఆయన నోటితోనే విన్నాను కాబట్టి నాకు తెలుసు.

చెరుకు పండించే ఇంట్లో పుట్టి, మా దీవుల రాజధాని సువాలో ఒక కాలేజీ ప్రయోగశాలలో టెక్నీషియన్ అయ్యాడు మామ. అక్కడ ఫిజిక్స్ చెప్పే డాక్టర్ యోగేంద్ర కూడా మనవాడే, లోవు అనే ఊళ్ళో తెలుగువాళ్ళ బిడ్డ. ఆయన ప్లాస్మా ఫోకస్ అనే యంత్రం కట్టారు. మధ్యలో ఇత్తడి గొట్టం, చుట్టూ ఇత్తడి కడ్డీలు, అడుగున గాజు తొడుగు. లోపల డ్యుటీరియం అనే బరువు హైడ్రోజన్ వాయువు నింపి, కెపాసిటర్లలో దాచిన కరెంటంతా ఒక్కసారిగా వదిలితే ఢామ్మని పేలుతుంది. ఆ క్షణంలో న్యూట్రాన్లు పుడతాయి, కౌంటర్ వాటిని లెక్కపెడుతుంది. మొదట్లో ఆ లెక్క ఇరవై దాటేది కాదు. వాయువు ఒత్తిడి మార్చి, గొట్టం పొడవు తగ్గించి, మూడేళ్ళు నానా తంటాలూ పడి ఇద్దరూ దాన్ని మూడు వందలకు తెచ్చారు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. సైన్యం రెండుసార్లు అధికారం లాక్కున్న మరుసటి ఏడాది. చదువుకున్న మనవాళ్ళంతా భయపడి, దేశం వదిలి విమానాలెక్కుతున్నారు. యోగేంద్రకీ ఆస్ట్రేలియాలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆయన మాత్రం, "ఈ లెక్క నిలబడితే నేనెక్కడికీ పోను, ధర్మా" అన్నారు. దాన్ని చూడడానికి విదేశం నుంచి పరీక్షకుడు వస్తున్నాడు. ఆయన సరేనంటే ప్రయోగశాల ఉంటుంది, కాదంటే మూత. సీసాలో మిగిలిన వాయువు పన్నెండు పేలుళ్ళకే వస్తుంది.

పరీక్షకు ముందురోజు ఆయుధ పూజ. మా ఊళ్ళో ఆ రోజు చెరుకు కత్తులూ ట్రాక్టర్లూ కడిగి బొట్లు పెడతాం. మామకి ఈ యంత్రమే కత్తి. యోగేంద్ర అతిథి కోసం నౌసోరి ఎయిర్‌పోర్టుకి వెళ్ళగానే దాన్ని విప్పాడు. ఇత్తడి నల్లబడింది, గాజుకి మసి పట్టింది. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, గాజు కడిగి, మళ్ళీ బిగించి, పైన కుంకుమ బొట్టు పెట్టాడు. అబ్బో, ఏం భక్తి!

మర్నాడు మొదటి పేలుడుకి కౌంటర్ మీద తొమ్మిది. రెండోదానికి పదకొండు. ఐదోదానికీ అంతే. తాను తోమడం తప్ప ఇంకేదీ మారలేదని మామకి అర్థమైపోయింది.

యోగేంద్ర పక్కకి పిలిచి, మా దీవుల హిందీ కలిపి అడిగారు. "కా భయా, ధర్మా? ఏమైంది? ఏమన్నా ముట్టుకున్నావా? నిజం చెప్పు, హమ్ కుచ్ నై బోలేగా. ఏమీ అనను."

అనుమతి లేకుండా యంత్రం విప్పితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో కుంతి అత్తకి ఏడో నెల.

"నై సార్. హమ్ కుచ్ నై ఛువా. ముట్టలేదు" అన్నాడు మామ.

ఆ ఒక్క మాట చెప్పి చావచ్చు కదా! కడిగిన గాజుకి ఇరవై ముప్పై పేలుళ్ళు తగిలి, మామ మసి అనుకున్న ఆ సన్నటి లోహపు పొర పట్టాకే న్యూట్రాన్లు సరిగ్గా వస్తాయని ఆ పరీక్షకుడికి తెలుసు. గాజు కడిగామని చెప్పుంటే, ఇంకో సీసా తెప్పించుకోండి, మళ్ళీ చూద్దాం అనేవాడు. చివరికి పన్నెండో పేలుడుకి లెక్క పందొమ్మిది దగ్గర ఆగింది. మూడు వందలన్న పాత లెక్కలు నమ్మదగ్గవి కావని రిపోర్టు రాసి వెళ్ళిపోయాడు. అంటే యోగేంద్ర దొంగ లెక్కలు రాశాడనేగా! కాలేజీలో ఆయనతో మాట్లాడేవాళ్ళే లేకపోయారు. సంగతి ఆస్ట్రేలియాకీ చేరింది, ఇస్తామన్న ఉద్యోగం లేదని ఉత్తరం వచ్చింది.

నెల తర్వాత యంత్రం ఊడదీయమన్నారు. మామే ఊడదీశాడు. యోగేంద్ర గాజు తొడుగు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. దాని అడుగు అంచున చింతపండు పీచు అంటుకుని ఉంది. గోటితో తీసి వాసన చూశారు.

"నిన్ను అడిగాను కదా, ధర్మా."

మామ చేతిలోని స్పానర్ బల్ల మీద పెట్టాడు.

"పోనీలే. ఇప్పుడైనా పద, ప్రిన్సిపాల్ దగ్గర ఒక్క మాట చెప్దాం. నేను దొంగని కాదని తెలిస్తే చాలు."

మామ గోడకి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు. "ఉద్యోగం పోతుంది, సార్" అన్నాడు.

యోగేంద్ర తలుపు తీసి పట్టుకుని, మామ వస్తాడేమోనని చూశారు. తర్వాత ఒక్కరే వెళ్ళిపోయారు.