నల్లరాళ్ల సంత

హెలికాప్టర్ మమ్మల్ని తూర్పు కాంగోలో ఒక కొండ నెత్తిన దించి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. సన్నటి వాన. చలి. ఎర్రమట్టిలో బూట్లు చీలమండల దాకా దిగబడ్డాయి. నా పక్కన దిగిన రేడియో ఆపరేటర్ ఆ మట్టి చూసి నవ్వాడు. వాడిది ఆలూరు దగ్గర పల్లె, నాది బళ్లారి పక్కన కుడతిని. మా సైనిక కంపెనీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"ఏందప్పా, మళ్లా మన సండూరు ఇనుప గనులకే వచ్చినట్టుండాది," అన్నాడు.

మాది భారత సైన్యం నుంచి వెళ్లిన ఐక్యరాజ్యసమితి శాంతి దళం. నీలం హెల్మెట్లు, తెల్లరంగు వేసిన రెండు కవచ వాహనాలు, ఇసుక బస్తాల గోడ, దాని చుట్టూ ముళ్లకంచె. ఆర్డరు ఒక్కటే: జనం ప్రాణాలకు ముప్పు వస్తేనే కాల్చాలి.

కింద లోయలో సంత. దాని వెనక కొండలో గని. అక్కడ దొరికేది కోల్టాన్ అనే నల్లరాయి. దాన్నుంచి తీసిన లోహం సెల్‌ఫోన్లలో వాడతారు. ప్రపంచమంతా చేతుల్లోకి ఫోన్లు వస్తున్న రోజులవి. ఆ రాయి కోసం ఒక దేశంలో మనుషుల్ని నరుకుతున్నారని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అక్కడికి పోయేదాకా నాకూ తెలియదు.

కూలీలు రాళ్ల సంచుల్ని వీపున మోసి సంతకు దించేవాళ్లు. దారిలో తుపాకుల ముఠా ఒకటి సుంకం గుంజేది. ఆ దారి మీద ఇంకో ముఠా కన్ను పడింది.

ఒక సంత రోజు, పొద్దున తొమ్మిదిన్నరకు, మొదటి మోర్టారు గుండు బజారు మధ్యలో పడింది. నేను కవచ వాహనం మీద మెషిన్‌గన్ దగ్గరున్నాను. ముందు పొగ, ఆ వెంటనే అరుపులు. కొత్త ముఠా అరటితోటల్లోంచి వచ్చింది. కత్తులవాళ్లు ముందు, తుపాకులవాళ్లు వెనక. అడ్డొచ్చినవాణ్ణల్లా నరుకుతున్నారు. జనం మా గేటు వైపు కొండెక్కి పరుగెత్తారు. వెనకనుంచి కాలుస్తుంటే దారిలోనే కూలిపోతున్నారు.

మేజరు గేటు దగ్గరికి వచ్చాడు. "తెరవండి," అన్నాడు హిందీలో.

"సార్, వాళ్లలో ముఠావాళ్లు కలిసొస్తే?" అన్నాడు హవల్దారు.

"వస్తే లోపల చూసుకుందాం. తెరవండి."

తెరిచారు. మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ లోపలికొచ్చారు. నాకు ఆర్డరు వచ్చింది: "అరటితోట అంచు. కొట్టు." కొట్టాను. పరుగెత్తుతున్నవాళ్లు పడ్డారు. ఒకడు తెగిపోయిన తన చెయ్యి కోసం గడ్డిలో వెతుక్కోవడం చూశాను. మళ్లీ కొట్టాను. వేడెక్కిన గొట్టం మీద వాన చినుకులు ఆవిరయ్యాయి.

ఒక గుండు రేడియో గుడారం పక్కన పడింది. మేజరు నా గన్‌ను ఇంకొకడికి అప్పజెప్పి నన్ను అటు పంపాడు. ఆపరేటర్ బస్తాలకు ఆనుకుని కూర్చున్నాడు. తొడ చీలిపోయి ఎముక కనబడుతోంది. హెడ్‌సెట్ చెవికే ఉంది.

"ఇంకా యాడన్నా తగిలిందా అప్పా?"

"కాలికే. దాన్ని సూడాకు. సెట్టు పనిచేస్తాందా సూడు."

పనిచేస్తోంది. నా బెల్టు తీసి వాడి తొడకు బిగించాను. నర్సింగ్ అసిస్టెంట్ గుడ్డ కుక్కి కట్టాడు. రక్తం ఆగలేదు. వాడు సెట్టులో స్థావరాన్ని పిలిచాడు.

"హెలికాప్టర్ కావాలి. గాయపడినవాళ్లు చాలామంది. ఓవర్."

"మబ్బు కొండ మీదికి దిగింది. ఆగండి. ఓవర్."

వాడు మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉన్నాడు. మధ్యలో నా వైపు తిరిగాడు.

"లోపలికొచ్చిన పిల్లోల్లకి నీళ్లిచ్చినారా?"

"ఇచ్చినామప్పా. నువ్వు మాట్లాడాకు."

మధ్యాహ్నానికి ముఠా వెనక్కి తగ్గింది. మబ్బు మాత్రం విడవలేదు. చివరికి హెలికాప్టర్ చప్పుడు వినబడేసరికి, వాడి చెవి నుంచి హెడ్‌సెట్ నేనే తీసేశాను.

కాంగోలో డ్యూటీ ముగిశాక బళ్లారి స్టేషన్‌కు చిన్నాయన కారు తెచ్చాడు.

"శాంతి దళమంటే యుద్ధమేం ఉండదు గదప్పా?" అన్నాడు దారిలో.

"ఉంటాది చిన్నాయనా. మన ఆలూరు పిల్లోడు పోయినాడు."

కారులో వస్తున్న పాట ఆపేశాడు.

ఇన్నేళ్లయినా ఒకటి నన్ను వదలలేదు. దాడి జరిగిన ఆ సాయంత్రం శవాలు ఎత్తడానికి సంతలోకి దిగాం. ఒక కూలీ బోర్లా పడి ఉన్నాడు, రాళ్ల సంచి ఇంకా వీపుకు కట్టే ఉంది. అతని భార్య తాడు కోసి సంచి విడదీసింది. దాన్ని తలకిందులు చేసి, నల్లరాళ్లన్నీ బురదలో కుమ్మరించింది. వాటి వైపు చూడనైనా లేదు. మొగుణ్ణి వెల్లకిలా తిప్పి, ఖాళీ సంచి దులిపి అతని ముఖం మీద కప్పింది. ఈగలు దూరకుండా నాలుగు అంచులూ నెమ్మదిగా సర్దింది.