అత్త పడ్డ జ్వరం

మా మేనత్త స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే టైలరు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు చెప్పగల మనిషి. దోమల వల్ల వచ్చే ఒక జ్వరానికి కొత్త టీకా తయారైందనీ, అది పనిచేస్తుందో లేదో చూడటానికి మనుషులు కావాలనీ ఆసుపత్రివాళ్ళు మా వీధికి వస్తే అందరికంటే ముందు చెయ్యి చాపింది. సగంమందికి టీకా, సగంమందికి ఉత్త ఉప్పునీళ్ళు ఇస్తామనీ, ఎవరికి ఏది పడిందో సూది పొడిచే నర్సుకు కూడా తెలియదనీ వాళ్ళు వివరంగానే చెప్పారు. అత్త అంతా విని, తనకు పడింది అసలు టీకాయేనని ఆ సాయంత్రానికల్లా తేల్చేసింది.

"భుజం ఎలా వాచిందో చూడవే! ఉప్పునీళ్ళకి ఇలా వాస్తుందా?" అని నాకు చూపించింది. చూశాను. అక్కడ ఏమీ లేదు.

ఇక కొలతలకు వచ్చిన ప్రతివాళ్ళకీ "మా మందు" గొప్పలే. మోకాళ్ళ నొప్పి తగ్గినా అది దాని చలవేనట. "నా బట్టతల మీద కూడా రెండు చుక్కలు వెయ్యమనవే" అని మామయ్య ఏడిపించేవాడు.

వానలు పడ్డాక అత్తకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, కీళ్ళు పట్టేశాయి. జ్వరం వస్తే వెంటనే ఫోన్ చెయ్యమని ఆసుపత్రివాళ్ళు మరీ మరీ చెప్పారు. నేను ఫోన్ తీస్తే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే. నాకు జ్వరమొచ్చిందంటే మందు పనిచెయ్యలేదంటారు. నా మూలంగా దాని పరువు పోతుంది."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు దాచిపెడితే, అది పనికిరానిదైనా మంచిదనుకుని పిల్లలకి పొడుస్తారు. అప్పుడు ఎవరిది పూచీ?" అని అరిచాను. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే "సరే, చెయ్యి" అంది. రక్తం తీయడానికి వచ్చిన నర్సుకు ఏడుస్తూ క్షమాపణ చెప్పుకుంది. ఎందుకో పాపం ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పరీక్షలో ఆ జ్వరమేనని తేలింది. అత్త కోలుకుంది గానీ "మా మందు" అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

అంతా ముగిశాక మమ్మల్ని ఆసుపత్రికి పిలిచారు. జ్వరం వచ్చినవాళ్ళలో చాలామందికి పడింది ఉప్పునీళ్ళేననీ, టీకా పడ్డవాళ్ళలో బహు కొద్దిమందికే జ్వరం వచ్చిందనీ డాక్టరమ్మ చెప్పింది. తర్వాత ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. అత్తతోపాటు నేనూ వెళ్ళాను.

"మీకు పడింది ఉప్పునీళ్ళమ్మా."

అత్త ముఖం చిన్నబోయింది. "అయితే నేను దేనికీ పనికిరాలేదన్నమాట."

"ఎవరన్నారు? మీలాంటివాళ్ళకి జ్వరం రాకపోతే, మిగతావాళ్ళకి రాకపోవడం టీకా వల్లో, దోమలు తగ్గడం వల్లో మాకెలా తెలుస్తుంది? మీరు జ్వరం పడి, దాచకుండా చెప్పారు. అందుకే ఇది పనిచేస్తుందని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం."

"దాచకుండా" అన్నచోట అత్త నావైపు ఒక చూపు చూసింది. ఆ రోజే ఆమెకు అసలు టీకా వేశారు. బయటికొస్తూ ఆమె ముందు నడుస్తుంటే, ఈమె మా అత్త అని దారినపోయేవాళ్ళందరికీ చెప్పాలనిపించింది నాకు.

ఇప్పుడు ఆ టీకా బడిపిల్లలకు వేస్తున్నారు. మొన్న గౌను కొలతలకు వచ్చిన ఒక పాప, సూది నొప్పి ఇంకా తగ్గక వెక్కుతోంది. అత్త కుట్టుమిషను ఆపి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది.

"ఏడవకు బంగారం. నీ వంతు జ్వరం కూడా నేనే పడ్డాను. నువ్వు పడక్కర్లేదు."