జలపతి గారి నకళ్ళు

కోరుట్ల వాస్తవ్యులు, విశ్రాంత హెడ్‌గుమాస్తా జలపతి గారికి ఈ లోకంలో చేతకాని పని ఒక్కటే: ఒక ఉత్తరాన్ని ఒక్క మనిషికే రాయడం. ఎవరికి ఏమి రాసినా, సంతకం కింద ఎడమ పక్కన ‘నకలు:’ అని వేసి, దాని కింద మరో రెండు మూడు పేర్లు చేర్చనిదే ఆయన కలానికి మూత పడేది కాదు. ఆ పేర్లలోనూ రెండు తరగతులుండేవి. కొందరికి ‘సమాచార నిమిత్తం’, మరికొందరికి ‘తగు చర్య నిమిత్తం’.

ఒకసారి పక్కింటి మేక వచ్చి ఆయన పెరట్లోని చిక్కుడు పాదును మేసింది. ఆయన పక్కింటివారికి ఫిర్యాదు రాశారు. అంతవరకు న్యాయమే. కాని ఆ మేకను రెండేళ్ళ కిందట వాళ్ళకు అమ్మిన సత్తయ్యకు కూడా ఒక నకలు వెళ్ళింది. సత్తయ్య ఆ కాగితం పట్టుకుని ఉరికొచ్చాడు.

“మేకను అమ్మి రెండేండ్లాయె సారూ! ఇప్పుడు నేనేం జెయ్యాలె?”

“నువ్వేం జెయ్యద్దు సత్తయ్యా. గీడ చూడు, నీది సమాచార నిమిత్తమే. కూసో, చాయ తాగిపో.”

మరొకసారి జగిత్యాలలో బంధువుల పెళ్ళికి రాలేనని రాసిన ఉత్తరం నకలు ఒకటి వంటమేస్త్రీకి పంపారు. ‘ఒక విస్తరి తగ్గించగలరు. తగు చర్య నిమిత్తం.’ ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన భార్య వజ్రమ్మ నెత్తి కొట్టుకునేది. “నాతోని లగ్గమైనప్పుడు ఎవలెవలకు నకలు పంపిండో, అది మాత్రం ఇప్పటిదాంక చెప్పలె” అనేది.

ఇటువంటి మనిషి దగ్గరికి 2011లో, సకల జనుల సమ్మెకు కొద్ది రోజుల ముందు, షాజియా అనే అమ్మాయి ఒక కోరికతో వచ్చింది. మెట్‌పల్లి దగ్గరి ఇబ్రహీంపట్నం పిల్ల. కోరుట్లలో పిన్ని ఆయేషా ఇంట్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ ఇల్లు జలపతి గారింటికి నాలుగిళ్ళ అవతల. షాజియాకూ, ఆమె తరగతిలోని సిరిసిల్ల కుర్రవాడు వేణుకూ ఒక ఆలోచన వచ్చింది. విద్యార్థులే నడిపే పాటల పత్రిక ఒకటి తేవాలి. పేరు, పల్లె కథకులు వాయించే వాద్యానిదే, ‘జమిడిక’. ప్రిన్సిపాల్ కాదనలేదు. “చదివెటోళ్ళు ఎవలో, వాళ్ళకు ఏం గావాల్నో తెలుసుకొని నివేదిక రాసి తీసుకరా. అది సరిగ్గుంటేనే అచ్చు. లేకుంటె గా పేజీలు ఆటల సంచికకు పోతయి” అన్నారు. నివేదికను పద్ధతిగా రాయడం కోరుట్లలో ఎవరికి తెలుసునో చెప్పనవసరం లేదు.

జలపతి గారు ఆమె చేత ముందుగా ఒక దరఖాస్తు నింపించారు. పేరు, తరగతి, సంరక్షకుని పేరు, విలాసం. షాజియా అన్ని దరఖాస్తుల్లో రాసినట్లే దీనిలోనూ, పోస్టు బాక్సు నెంబరుతో సహా, రాసింది: ‘తండ్రి అక్బర్, షార్జా.’ ఎవరి ముందు కూర్చుని రాస్తున్నదీ ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు.

తట్టవలసింది. ఎందుకంటే అక్బర్ శుక్రవారం ఫోన్ చేసినప్పుడల్లా ఒకే మాట అనేవాడు. “పాటలు, స్టేజీలు అన్నీ బంద్ బేటా. నీ మనసు చదువు మీద లేదని తెలిసిన్నాడే కోరుట్ల బంద్. ఇబ్రహీంపట్నం పోయి అమ్మతోని ఉండు.” అందువల్ల పత్రిక సంగతి షార్జాకు తెలియకుండా అచ్చులోకి రావాలన్నది షాజియా పట్టుదల.

ప్రశ్నావళి తయారైంది. ఏడు ప్రశ్నలు. జలపతి గారు ప్రతి ప్రశ్న చివరా ‘తెలియజేయగలరు’ అని చేర్చారు. వేణు అప్పటికే డీటీపీ సెంటర్లో కూర్చుని ముఖచిత్రం కూడా చేసేశాడు. నల్లటి రంగు, మంటల్లో ఒక గిటారు, లోపలి పేజీల్లో చీమల బారుల్లాంటి అక్షరాలు.

“బాగుందా సార్?”

“బాగుంది వేణూ. ఎవలి కోసం?”

“చదివెటోళ్ళ కోసం.”

“వాళ్ళను ఇంక అడగనే లేదు గదా. గీ మంటలు జర ఆపు.”

అంతలో సమ్మె మొదలైంది. కాలేజీ మూతపడింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. కాని పోస్టాఫీసు కేంద్రానిది గనుక పనిచేస్తూనే ఉంది. ఆ రోజుల్లో కరీంనగర్ జిల్లా మొత్తం మీద కదిలిన ఫైలు బహుశా జలపతి గారిదొక్కటే. ఆయన పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చేవారు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి ఉత్తరాలు రాసేవారు. ప్రతి ఉత్తరం అడుగున ‘సమ్మెలో ఉన్నందున ఇది వ్యక్తిగత హోదాలో రాయడమైనది’ అని ఉండేది.

“రిటైరై ఆరేండ్లాయె. గీయనకు సమ్మె ఏంది?” అని వజ్రమ్మ ఆశ్చర్యపోయేది.

జగిత్యాలలో ఫోన్లలోకి పాటలు ఎక్కించే దుకాణం నడిపే ఖుర్షీద్‌ను ప్రశ్నావళి నింపమన్నప్పుడు అతడు బిగుసుకున్నాడు. “ఎవలు ఏం పాట ఎక్కిచ్చుకుంటరో బైటికి చెప్పద్దు సార్. నా గిరాకీ ఖరాబయితది.” జలపతి గారు వాదించలేదు. మూడో నాటికి ఖుర్షీద్‌కు ఒక విజ్ఞప్తి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కు దాని నకలు అందాయి. ఆ హోటల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, “నా పేరు రాసుకో భాయ్, నేను ఒగ్గు కథలు వింట” అని, “నేను గజల్” అని తామే చెప్పసాగారు. ఒక హెడ్ కానిస్టేబుల్ మాత్రం చెవి దగ్గరికి వంగి, “లాలిపాటలు. పేరు రాయకు” అన్నాడట.

చిక్కంతా సిరిసిల్లలో వచ్చింది. వేణు తన వాడకట్టులోని మరమగ్గాల కార్ఖానాల్లో నలభై కాగితాలు పంచాడు. అన్నీ నిండి వచ్చాయి. ‘మీరు పాటలు ఎక్కడ వింటారో తెలియజేయగలరు’ అనే నాలుగో ప్రశ్నకు దాదాపు అందరిదీ ఒకటే జవాబు: ‘వినం.’

వేణు ముఖం మాడిపోయింది. “మావోళ్ళకు పాటలతోని పని లేదు షాజియా. సిరిసిల్లను తీసేద్దాం.”

సిరిసిల్ల పేరు కొట్టేయడానికి షాజియా కూడా కలం తీసింది. జలపతి గారు ఆమె చేతిని ఆపారు. “ఎందుకు వినరో మనం అడగలే గదా బిడ్డా. వివరణ కోరుదాం.”

కోరారు. ‘మీరు పాటలు విననట్లు మా దృష్టికి వచ్చినది. తగు వివరణ ఇవ్వవలసినదిగా కోరడమైనది’ అంటూ, పైన నెంబరు, తేదీ వేసిన లేఖ ఒకటి వాటిలో పెద్ద కార్ఖానాకు చేరింది. అసలే ఉద్యమ కాలం. రోజూ ఎవరో ఒకరి మీద కేసు పడుతోంది. అక్కడ అందరికంటే పెద్దవాడైన ఆనందం అనే కార్మికుడు ఆ సాయంత్రమే వేణుకు ఫోన్ చేశాడు.

“ఓ వేణూ! పాటలు వినకపోయినా కేసు వెడుతున్నరా ఏంది?”

ఇక స్వయంగా వెళ్ళక తప్పలేదు. మరునాడు జలపతి గారు, షాజియా, వేణు ఒక పసుపు లారీలో వేములవాడ దాకా, అక్కడినుండి ఆటోలో సిరిసిల్లకు చేరారు. కార్ఖానా గడపలో అడుగు పెట్టగానే షాజియాకు చెవులు మూసుకుపోయాయి. ముప్పై మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతున్నాయి. మనిషి మనిషి చెవిలో అరిచినా వినపడదు. అయితే ఒక వింత. పనిచేస్తున్న ప్రతి మనిషి పెదవులూ కదులుతున్నాయి. ఆనందం అయితే జలపతి గారి వైపే చూస్తూ నోరు బారెడు తెరుస్తున్నాడు.

జలపతి గారు ఒక అడుగు వెనక్కి వేసి, షాజియా చెవిలో, “తిడుతున్నట్టున్నరు బిడ్డా. నోట్ చేసుకో” అని అరిచారు.

అప్పుడే కరెంటు పోయింది. ఆ సమ్మెలో అది రోజువారీ సంగతే. మగ్గాలన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. గొంతులు మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా ఆగాయి. ఆ ఒక్క క్షణంలో ముప్పై గొంతుల్లో ముప్పై వేరు వేరు పాటలు, ఎవరికి వాళ్ళు ఎలుగెత్తి పాడుతున్నవి, ఆ రేకుల కప్పు కింద బయటపడ్డాయి. ఒకడిది బతుకమ్మ పాట. ఒకడిది భజన. ఒకడిది సినిమాలోని యుగళగీతం, ఆడగొంతు వంతు. తరువాత అందరూ సిగ్గుపడి తలలు దించుకున్నారు.

ఆనందం తువ్వాలతో మొఖం తుడుచుకుంటూ వచ్చాడు. “గిదే సారూ మా వివరణ. వినం. పాడుతం. గీ మగ్గం, మా సాంచ, నడిచినంతసేపు ఎవని పాట వానికే ఇనవడది.”

షాజియా కాగితం తీసింది. “మరి మా పత్రికల ఏముంటే మీకు పనికొస్తది కాకా?”

“పూర్తి పాట గావాలె బిడ్డా. నాకు మొదటి చరణమే వస్తది. పదేండ్ల సంది గదే తిప్పి తిప్పి పాడుతున్న. ఇంకోటి, అక్షరాలు పెద్దగుండాలె. చేతులు ఖాళీ ఉండయి, పేజీ తిప్పరాదు. సాంచకు ఎదురుంగ తగిలిచ్చుకుంటె దూరంకెళ్లి కనవడాలె.”

తిరుగు ప్రయాణంలో వేణు లారీ మీద కూర్చుని, మంటల్లో ఉన్న గిటారును నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. మెట్‌పల్లి వైపు మబ్బులు చూస్తూ, “తెల్లకాగితం. నడుమ ఒక్కటే పెద్ద షీటు, ఊడదీసి గోడకు కొట్టుకునేటట్టు. అక్షరం బొటనవేలంత” అన్నాడు. షాజియా అదంతా రాసుకుంది. నివేదికకు ప్రాణం వచ్చింది.

ఆ ప్రాణం నాలుగు రోజులు కూడా నిలవలేదు. నివేదిక శుద్ధప్రతి రాయడానికి జలపతి గారింట్లో ఫైలు తిరగేస్తున్న షాజియాకు మొట్టమొదటి ఉత్తరం కార్యాలయ ప్రతి కనిపించింది. సంతకం కింద, ఎడమ పక్కన: ‘నకలు: శ్రీ అక్బర్, షార్జా.’ పేజీ తిప్పింది. రెండో ఉత్తరం కింద అదే పేరు. మూడోదాని కింద, నాలుగోదాని కింద, ఐదోదాని కింద కూడా.

“సార్! మా అబ్బాకు పంపిండ్రా?”

“పంపకుంటె ఎట్ల బిడ్డా? సంరక్షకుని విలాసం నువ్వే ఇస్తివి గదా.”

“అన్నీ… సమాచార నిమిత్తమేనా?”

జలపతి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “మొదటి నాలుగు సమాచార నిమిత్తం. ఐదోది తగు చర్య నిమిత్తం.”

తండ్రి తీసుకోగల తగు చర్య ఏమిటో షాజియాకు బాగా తెలుసు. ఆ శుక్రవారం ఫోన్ వచ్చింది. “తిన్నవా బేటా?” అన్నాడు అక్బర్. “తిన్న అబ్బా.” “మంచిది” అని పెట్టేశాడు. తిట్టినా ఆమెకు ఇంత భయం వేసేది కాదు. ఇబ్రహీంపట్నం వెళ్ళడానికి సంచి సర్దుకుంది. మళ్ళీ విప్పింది. మళ్ళీ సర్దుకుంది.

సమ్మె ముగిసిన వారానికి, కాలేజీ తెరిచిన నాడే, జలపతి గారు షాజియాను ఇంటికి పిలిపించి, తన విలాసానికి వచ్చిన ఒక లావుపాటి కవరును రెండు చేతులతో పట్టుకుని లోపలినుండి వచ్చారు. షార్జా ముద్ర. పైన తెలుగులో, ఏడో తరగతి దాకా చదివిన చేతిరాతలో, ‘షాజియా, సంపాదకురాలు, జమిడిక’ అని ఉంది.

ఆ రెండో మాట దగ్గరే ఆమె చాలాసేపు ఆగిపోయింది.

లోపల ఎనిమిది ప్రశ్నావళులు. అక్బర్ తనకు వచ్చిన ఒక్కదాన్ని జిరాక్సు తీయించి, తన గదిలోని మిగిలిన ఏడుగురి చేతా నింపించాడు. వీర్నపల్లి మనిషి ఒకడు, జగిత్యాల వాళ్ళు ఇద్దరు, తక్కినవాళ్ళు ఆ చుట్టుపక్కలవాళ్ళే. అన్నిటికంటే పైన అక్బర్‌ది. నాలుగో ప్రశ్నకు జవాబు: ‘శుక్రవారం బట్టలు ఉతికేటప్పుడు.’ ఐదో ప్రశ్న, ఎవరి పాట ఇష్టమో తెలియజేయగలరు: ‘మా బిడ్డ చిన్నప్పుడు అంట్లు తోముకుంట పాడేది. అది.’ ఏడో ప్రశ్న, పత్రికలో ఏముండాలో తెలియజేయగలరు: ‘సంపాదకురాలి పేరు పెద్ద అక్షరాలల్ల వెయ్యుండ్రి. మా గదిల లైటు సన్నగుంటది.’

కవరు అడుగున జలపతి గారి ఐదో ఉత్తరం నకలు కూడా మడతపెట్టి ఉంది. దాని వెనుక, ఫైలులోని ప్రతిలో లేని కొన్ని పంక్తులు అక్బర్ పేరిట ఉన్నాయి. షాజియా చదివింది. ‘తమ కుమార్తె గత పరీక్షలలో తరగతిలో రెండవ స్థానం పొందినట్లు చూపు మార్కుల నకలు జతపరచడమైనది. మన జిల్లా శ్రోతలలో సగం మంది గల్ఫ్‌లో ఉన్నందున, తమరి అభిప్రాయం లేనిదే ఈ నివేదిక అసంపూర్ణము. కావున ప్రశ్నావళిని నింపి పంపగలరు.’

“గిది నాకు ముందే ఎందుకు చెప్పలేదు సార్?”

“ముప్పై నాలుగేండ్లు కొలువు చేసిన బిడ్డా. ఆఫీసుకు కోపంతోని వచ్చిన ప్రతి మనిషి ఒకటే మాట అనేది. ‘నాకెందుకు చెప్పలేదు?’ అని. పని అయినంక చెప్తే తండ్రి గూడ గదే అంటడు. ముందుగాల అడిగితే, తనకు ఇష్టమైన పాట చెప్తడు.”

చాయ తెస్తున్న వజ్రమ్మ నవ్వింది. “నాకు గూడ ఇన్నేండ్లకు తెలిసింది బిడ్డా. మేక ముచ్చట నీకు చెప్పిన గదా? భార్య పోయినంక సత్తయ్య ఇంట్లకెళ్లి బైటికే రాకపోతుండె. ఆయనకు ఉత్తరం రాసెటోళ్ళెవలున్నరు? గీయన నకలు పోతేనే ఉరికొచ్చి, లొల్లి వెట్టి, చాయ తాగిపోతుండె.”

“అది కేవలం సమాచార నిమిత్తం” అన్నారు జలపతి గారు, చెవులు ఎర్రబడగా.

నివేదిక ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరింది. డిసెంబరులో ‘జమిడిక’ మొదటి సంచిక వచ్చింది. నడుమ ఊడదీసుకునే పెద్ద షీటుతో, బొటనవేలంత అక్షరాలతో. సిరిసిల్లలో ఆనందం రెండో చరణంలోకి ప్రవేశించాడని వేణు ఫోన్ చేసి చెప్పాడు. షాజియా ఎనిమిది ప్రతులు కట్టి, తండ్రికి ఒక ఉత్తరం రాసి సంతకం చేసింది. కవరులో పెట్టబోతూ ఆగి, సంతకం కింద ఎడమ పక్కన మరో పంక్తి చేర్చింది.

మరునాడు పొద్దున జలపతి గారు ఆ నకలు చేతపట్టుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా నాలుగిళ్ళు దాటి ఉరికొచ్చారు.

“బిడ్డా! గీడ నా పేరు ఎదురుంగ ‘తగు చర్య నిమిత్తం’ అని రాసినవు. నేనిప్పుడేం చర్య తీసుకోవాలె?”

“ఏం లేదు సార్” అంది షాజియా, కుర్చీ జరుపుతూ. “కూసోండ్రి. చాయ తాగిపోండ్రి.”