చలి లేని కాళ్ళకు వేడి మేజోళ్ళు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, దసరా సెలవుల తర్వాతి సోమవారం నాకు ఆ పని అప్పగించారు. నోయిడాలో పారిశ్రామిక రక్షణ దుస్తులు తయారుచేసే ఒక కంపెనీలో ఉత్పత్తి అభివృద్ధి విభాగానికి అప్పుడు నేను జనరల్ మేనేజర్‌ని. వెల్డర్ల చేతితొడుగులు, కోల్డ్ స్టోరేజీ కూలీల బూట్లు మా సరుకు. రిటైర్మెంటుకు రెండు చలికాలాలు మిగిలి ఉన్నాయి. బ్యాటరీతో వేడెక్కే చేతితొడుగులూ మేజోళ్ళూ తయారుచేయాలి, వచ్చే ఏడాది చలి మొదలయ్యేసరికి అవి బజారులో ఉండాలి. అదీ ఉత్తర్వు.

నాకు నచ్చిన పని. ఢిల్లీ చుట్టుపక్కల చలి వేరే రకం. మంచు పడే దేశాల్లో ఇంట్లోకి వస్తే వెచ్చగా ఉంటుంది. ఇక్కడ ఒక్కోరోజు ఇల్లే బయటకన్నా చల్లగా ఉంటుంది, పాలరాతి నేల కాలు పెట్టనివ్వదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర గార్డు చెక్కముక్కలూ ప్లాస్టిక్కూ కాల్చి, ఆ పొగ పీలుస్తూ చేతులు కాచుకుంటాడు. మోటార్ సైకిల్ మీద పార్సెళ్ళు తెచ్చేవాడు బెల్లు నొక్కడానికి వేలు వంగక మోచేత్తో నొక్కుతాడు. నేను తయారుచేయబోయేది వీళ్ళ కోసం అనుకున్నాను.

వస్తువు చూడటానికి చిన్నది. మేజోడు ముందు భాగంలో, వేళ్ళ కింద, కార్బన్ నారతో నేసిన సన్నని పట్టీ ఉంటుంది. కరెంటు పారితే అది వేడెక్కుతుంది. దాని పక్కన బియ్యపుగింజంత థర్మిస్టర్ ఉంటుంది. వేడి ఎంత పెరిగిందో అది పసిగడితే సర్క్యూటు కరెంటు ఆపేస్తుంది. ఆ ఆపే హద్దును కటాఫ్ అంటాం. నా దృష్టిలో మొత్తం మేజోడులో ముఖ్యమైనది ఆ కటాఫ్ ఒక్కటే, మిగతాదంతా నేతపని.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన తెనాలి దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టరు, హేతువాద సంఘం సభ్యుడు. జాతరలో జనం నిప్పుల గుండం తొక్కితే, మర్నాడు ఆయన ఉపవాసమూ మొక్కూ లేకుండా, కడుపునిండా ఇడ్లీలు తిని, అలాంటి గుండమే తొక్కేవారు. ఆ తర్వాత బల్ల ఎక్కి వివరించేవారు. బొగ్గు ఎంత ఎర్రగా ఉన్నా వేడిని నెమ్మదిగా వదులుతుంది. అడుగు పడి లేచేలోపు చర్మం కాలేంత వేడి చేరదు. ఆగి నిలబడితే మాత్రం భక్తుడైనా నాస్తికుడైనా ఒకేలా కాలతాడు. ఎంత వేడి అన్నది సగం ప్రశ్నే, ఎంతసేపు అన్నది మిగతా సగం. చిన్నప్పుడు ఎన్ని సభల్లో విన్నానో ఆ మాట.

మేజోడు నిప్పుల గుండానికి తలకిందులు. వేడి కొంచెమే, కానీ అది కాలిని వదలదు. చేత్తో ముట్టుకుంటే హాయిగా అనిపించే వేడి కూడా ఒకేచోట గంటలకొద్దీ అంటుకుని ఉంటే చర్మాన్ని కాలుస్తుంది. మామూలు మనిషికి ఆ ప్రమాదం లేదు, మంట పుట్టగానే విప్పేస్తాడు. అతని నరాలే అసలైన కటాఫ్. అవి పనిచేయని మనిషికి మా సర్క్యూటు తప్ప వేరే దిక్కు లేదు. అందుకే నలభై ఒక్క డిగ్రీల దగ్గర ఆగేట్టు పెట్టాను.

నమూనాలు తయారయ్యాక వేర్ ట్రయల్ జరుగుతుంది. అంటే మనుషులకు తొడిగి చూడటం. చర్మం మీద చిన్న ఉష్ణమాపకాలు అతికిస్తాం. దాంతోపాటు తొడుక్కున్నవారిని మధ్యమధ్య అడుగుతాం, చలిగా ఉందా, సరిపోయిందా, వేడిగా ఉందా అని. ఆ జవాబును కంఫర్ట్ ఓటు అంటారు. ట్రయల్‌లో చేర్చుకునే ముందు పాదాల స్పర్శ పరీక్షిస్తాం. కళ్ళు మూసుకోమని, ఒక నైలాన్ పోగును అరికాలికి గుచ్చి, తగిలినప్పుడు చెప్పమంటాం. చెప్పలేనివారిని తీసుకోం.

ఇందిరాపురంలో మా కింది ఫ్లాట్‌లో ఉండే విశ్వనాథం గారు తనంతట తానే ట్రయల్‌కి వస్తానన్నారు. రాజమండ్రి మనిషి, కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. మాటకారి. ఏళ్ళ తరబడి షుగరు. ఒక ఆదివారం ఉదయం పోగు పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను. ఆయన కుర్చీలో కాళ్ళు చాపి కళ్ళు మూసుకున్నారు. నేను ఒక్కో చోటా పోగు గుచ్చుతూ పోయాను. ఆయన మాట్లాడలేదు.

"ఇంకా మొదలెట్టలేదేంటమ్మా సుజాతా?" అన్నారు కాసేపటికి.

"అయిపోయిందండీ అంకుల్."

ఆయన కళ్ళు తెరిచి నవ్వారు. "అయితే పాసా ఫెయిలా?"

ఫెయిల్ అని చెప్పి కారణం వివరించాను. పాదాల నరాలు దెబ్బతిన్నాయి, వేడి మేజోళ్ళు మీరు వాడకూడదు అన్నాను.

"నరాలు పోతే చలెలా తెలుస్తుందమ్మా? రాత్రయ్యేసరికి కాళ్ళు ఐసుగడ్డలు."

ఉష్ణమాపకం పెట్టి చూపించాను. ఆయన పాదం నా పాదమంత వెచ్చగా ఉంది. నరం చెడితే అబద్ధపు కబుర్లు పంపిస్తుంది, లేని చలిని ఉందంటుంది, ఉన్న మంటను లేదంటుంది. ఆయన భార్య కామేశ్వరి గారు కూడా చెయ్యి వేసి చూశారు.

"వెచ్చగానే ఉన్నాయండీ," అన్నారు.

"నీకేం తెలుసు? కాళ్ళు నావి."

ఆయన అబద్ధమాడటం లేదు. ఆయనకు నిజంగానే చలేస్తోంది. కానీ ఆ చలి కాళ్ళలో లేదు.

ఈ సంగతి మార్కెటింగ్ హెడ్ ఖన్నాకు చెప్పాను. అదీ జాగ్రత్త పడమని చెప్పాను. అతను వేరేది విన్నాడు. కాళ్ళు చల్లబడుతున్నాయనే పెద్దవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నారు, వాళ్ళ పిల్లలకు జీతాలున్నాయి, గార్డులకు మేజోళ్ళు ఎవరు కొనిపెడతారు?

"మేడమ్, జిస్కో ఠండ్ లగ్తీ హై, ఉసీకో బేచేంగే నా?" అన్నాడు. చలేసేవాడికే కదా అమ్మేది అని.

వాళ్ళకు చలి లేదు, అలా అనిపిస్తుంది అంతే అన్నాను.

"అచ్ఛా. అనిపించే చలికి అనిపించే వేడి ఇద్దాం," అని నవ్వాడు. మంచి హాస్యమే. అతను చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. ఆఫీసులో ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు వెళ్ళేది అతనే.

బ్యాటరీ భద్రతా పరీక్షల కోసం నేను గ్రేటర్ నోయిడాలోని ఒక ప్రయోగశాల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, ఖన్నా తన బృందంతో ఒక సొసైటీ క్లబ్ హౌస్‌లో రెండో ట్రయల్ పెట్టాడు. పెద్దవాళ్ళను పిలిచి, టీ సమోసాలు ఇచ్చి, మేజోళ్ళు తొడిగి ఓట్లు తీసుకున్నారు. నైలాన్ పోగు పరీక్ష లేదు, అది ఇబ్బందిగా ఉంటుందని తీసేశారు. ఉష్ణమాపకాలూ లేవు. ఎక్కువమంది చాలదన్నారు. వేడి పెంచారు. ఇంకా చాలదన్నారు. నలభై ఆరు దగ్గర అందరూ తృప్తిపడ్డారు.

నాకు తెలిసిన పరీక్షా పద్ధతుల్లో ఇంతకన్నా తెలివితక్కువది లేదు, ఇంతకన్నా మర్యాదగా జరిగిందీ లేదు. వేడి ఎంత ఉండాలో ఓటుతో తేల్చారు. ఓటు వేసినవారిలో ఎక్కువమందికి వేడే తెలియదు. మంత్రగాడు మోసం చేస్తే నిలదీయవచ్చు, మా నాన్న జీవితమంతా ఆ పని చేశారు. ఇక్కడ మంత్రగాడు లేడు. గ్రాఫు ఉంది, సగటు ఉంది, తెర మీద రంగురంగుల గీతలున్నాయి. సైన్సు వేషం వేసుకున్న మూఢనమ్మకాన్ని పట్టుకునే ఉపాయం ఆయన నాకు నేర్పలేదు, బహుశా ఆయనకూ తెలియదు.

డిజైన్ ఫ్రీజ్ సమావేశంలో వాదించాను. ఫ్రీజ్ అంటే ఇక మార్పులు లేవని తీర్మానించడం, ఆ తర్వాత అచ్చులు తయారవుతాయి. కటాఫ్ తగ్గించండి, లేదా షుగరున్నవారు వాడరాదని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేయండి అన్నాను. ఎమ్.డి. ఓపికగా విని, రెండింటికీ నడుమ ఒక దారి చూపారు. డబ్బా మీద కాదు, లోపలి కాగితంలో, వైద్యుని సలహాతో వాడండి అని ఒక వాక్యం. నా అసమ్మతిని నమోదు చేయమన్నాను. చేశారు. టీ వచ్చింది.

మరుసటి నవంబరులో మేజోళ్ళు అమ్మకానికి వచ్చాయి. డబ్బా మీద తెల్లజుట్టు మనిషి సోఫాలో కాళ్ళు చాపుకుని నవ్వుతున్నాడు. నేనెన్నడూ పెట్టని ఒక వస్తువు కూడా అందులో చేరింది. మడమ దగ్గర చిన్న అయస్కాంతం, రక్తప్రసరణ కోసమట. దాని వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. చేతితొడుగులు ఆ ఏడాది తయారే కాలేదు.

డిసెంబరులో లిఫ్టు దగ్గర విశ్వనాథం గారు కనిపించి, చెప్పుల్లోంచి ఒక కాలు పైకెత్తి చూపించారు. మా మేజోళ్ళే.

"నువ్వివ్వకపోతే దొరకవనుకున్నావా? మా మనవరాలు ఫోన్‌లో ఆర్డరిచ్చింది."

విప్పేయమని ఆయన ఇంటికి వెళ్ళి కూర్చుని చెప్పాను. నలభై ఆరు అంటే ఏమిటో చెప్పాను. ఎప్పుడో మాటల్లో నాన్న సంగతి ఆయనకు చెప్పి ఉన్నాను, దాన్నే నా మీదికి తిప్పారు.

"మీ నాన్నగారు నిప్పుల మీద నడిస్తే కాలలేదన్నావు. అది సైన్సన్నావు. నేను మేజోళ్ళేసుకుంటే కాలతానా? ఇదేం సైన్సమ్మా?"

"ఆయన నడిచారండీ. ఆగలేదు. మీరు వేసుకుని పడుకుంటున్నారు."

"మరి డబ్బా మీద మా వయసువాడి బొమ్మెందుకేశారు మీ కంపెనీవాళ్ళు?"

ఇది సరైన ప్రశ్న. మా కంపెనీ తప్పు చేసింది అన్నాను. ఆయన కనుబొమలెత్తి భార్య వైపు చూశారు. "విన్నావా? సొంత కంపెనీనే నమ్మదు. దేవుణ్ణేం నమ్ముతుంది?"

కామేశ్వరి గారు నవ్వలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, దాచేస్తానమ్మా అన్నారు. రెండుసార్లు దాచారట కూడా. ఆయన మనవరాలి చేత వెతికించుకున్నారు. "నానూ కో ఠండ్ లగ్ రహీ థీ," అంది ఆ పిల్ల తర్వాత నాతో. తాతకు చలేస్తోందని. నిజమే, పిల్ల చేసిన తప్పేముంది?

మధ్యాహ్నం భోజనం చేసి, మేజోళ్ళతోనే రజాయి కప్పుకుని పడుకోవడం ఆయనకు అలవాటైంది. సంక్రాంతి దాటాక ఒకరోజు కామేశ్వరి గారు ఉతకడానికి తీస్తే, కుడి మేజోడు లోపల తడిగా ఉంది. వేళ్ళ కింద బొబ్బ లేచి, పగిలి, అప్పటికే చాలా రోజులైంది. ఆయనకు తెలియదు. నొప్పి లేదు. షుగరున్న కాలికి పుండు పడితే ఏమవుతుందో అదే అయింది. చీము ఎముక దాకా వెళ్ళింది. రెండు వేళ్ళు తీసేశారు.

కంపెనీకి ఫొటోలతో సహా చెప్పాను, సరుకు వెనక్కి పిలిపించమన్నాను. నాణ్యతా విభాగం నాలుగు రోజులు పరిశీలించింది. థర్మిస్టర్ సరిగ్గా పనిచేసింది, నలభై ఆరు దగ్గరే ఆగింది, కాబట్టి లోపం లేదు. పడుకుని వాడటం దుర్వినియోగం. ఆ మాటలో సాంకేతికంగా తప్పు పట్టడానికి ఏమీ లేదు. కంపెనీ మీద నాకు మిగిలిన నమ్మకం అప్పుడు పూర్తిగా అడుగంటింది. ఖన్నా ఆసుపత్రికి పళ్ళ బుట్ట పంపించాడు.

నేను వెళ్ళేసరికి విశ్వనాథం గారు దిండుకు ఆనుకుని కూర్చున్నారు. కాలికి కట్టు. కోపంగా ఉంటారని, నన్ను తిడతారని అనుకుంటూ వెళ్ళాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన ఉత్సాహంగా ఉన్నారు.

"చూశావా సుజాతా, ఎంత చెడు రక్తం లాగేసిందో. అయస్కాంతం ఊరికే పెట్టరు. ఆ వేళ్ళలో ఎన్నాళ్ళనుంచి పేరుకుందో ఏమో, అక్కడికి దించి బయటకి తోసింది. లేకపోతే కాలంతా పోయేది."

కాల్చింది ఆ మేజోడే అన్నాను. ఆయన ఓపికగా తల ఊపారు, చిన్నపిల్ల మాట విన్నట్టు.

"కాలితే నాకు తెలీదూ? కాళ్ళు నావి." గొంతు తగ్గించి అన్నారు, "ఎడమ కాలి మేజోడు బానే ఉందమ్మా. మీ పిన్నిగారు పారేస్తానంటోంది. నువ్వు చెప్పు, పారెయ్యొద్దని. ఈ కాలు మళ్ళీ చల్లబడుతోంది."

నేను ఆయన ఎడమ పాదం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

మార్చిలో నేను రిటైరయ్యాను. మరుసటి చలికాలానికి కంపెనీ బ్యాటరీ తీసేసి, అయస్కాంతం మాత్రం ఉంచి మేజోళ్ళు అమ్మింది. వాటితో ఎవరూ కాలరు, ఎవరికీ వెచ్చగా ఉండదు. అవి అంతకుముందు వాటికన్నా బాగా అమ్ముడుపోయాయని విన్నాను. మా గేటు దగ్గర గార్డు ఇప్పటికీ ప్లాస్టిక్కే కాల్చుకుంటున్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పవలసింది ఇది. చలేస్తోందన్న మనిషి మాట నిజమే కావచ్చు, కానీ అది కొలత కాదు. వేడి ఇంకా కావాలని అడిగేవారి పాదాలను అందరికన్నా ముందు పరీక్షించాలి. హద్దును వస్తువు లోపల, ఎవరి ఓటుకూ అందనిచోట పెట్టాలి. సాక్ష్యం చూపిస్తే మనిషి మనసు మార్చుకుంటాడని మా నాన్న నమ్మారు, ఆయన మాట మీద నేనూ నమ్మాను. ఆ లెక్క మీద ఏ వస్తువునూ తయారుచేయకూడదు.