అంగుళం పచ్చిక మీద వెర్లా పద్యం

నేను అమ్మేసిన కెఫేలో కిటికీ పక్క బల్లకి ఇప్పుడొక ఇత్తడి పలక బిగించారు. కవి లైల్ డన్‌విడీ అక్కడే కూర్చుని రాసేవాడట. టూరిస్టు బస్సు దిగినవాళ్ళు ఆ బల్లని తడిమి ఫోటోలు దిగుతున్నారు. నలభై ఏళ్ళు ఆ బల్ల తుడిచినదాన్ని నేను. లైల్ అక్కడ రాసినదానికన్నా తిన్నదే ఎక్కువ. అక్కడ నిజంగా రాసిన మనిషి వెర్లా హాస్కెట్. ఆమె పేరు ఏ పలక మీదా లేదు. ఒళ్ళు మండి ఈ నాలుగు కాగితాలు రాస్తున్నాను.

నేనెవరో కూడా తెలియాలి కదా. నా పేరు చెజీరా బార్సాంటి. ఇటలీలో లూకా కొండల్లో మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. పదహారో ఏట గోధుమ నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో ఆశువుగా పద్యాలు కట్టి ముగ్గురు మగవాళ్ళని ఓడించాను. ఆ పోటీలో ఎవరి మీదైనా పాడొచ్చు. భూస్వామిని, పాదిరీని, కన్నతండ్రిని కూడా ఉతికి ఆరేయొచ్చు. పాట అయ్యాక తిట్టినవాళ్ళూ తిట్టించుకున్నవాళ్ళూ ఒకే కూజాలో వైను తాగాలి. అది మా ఊరి పద్ధతి. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి నార్త్‌బీచ్ పేటలో కెఫే పెట్టి నలభై ఏళ్ళు పొయ్యి ఆరకుండా చూసుకున్నాను. ఓడరేవు సమ్మెలో రోజుకి రెండొందల మందికి గంజి పోశాను. నిలబడి కవిత్వం చదివితే అది ప్రదర్శన, దానికి లైసెన్సు కావాలని పోలీసు సార్జెంటు వస్తే, మా కెఫేలో చేరే కవి కుర్రాళ్ళందరినీ కూర్చుని చదవమన్నాను. ఆ సార్జెంటుని కూడా కూర్చోబెట్టి సూపు తాగించాను. ఆయన మళ్ళీ లైసెన్సు మాటెత్తలేదు.

వెర్లా 1957 వేసవిలో వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. లోయలో పీచు పళ్ళ తోటల ఊరు వాళ్ళది. తండ్రి బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగి. యుద్ధం అయ్యాక కట్టిన ఇళ్ళు వాళ్ళవి. అన్నీ ఒకే రంగు, అన్నిటి ముందూ ఒకే పచ్చిక, వెనక రెక్కల్లా రేకులు లేచిన ఒకే రకం కారు. టైపు స్కూలు మానేసి, జుట్టు కత్తిరించుకుని, నల్ల మేజోళ్ళతో నా గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, గిన్నెలు కడగడానికి మనిషి కావాలా?" అంది. అందరూ నన్ను పిన్నీ అనే పిలిచేవాళ్ళు.

"కడగడం వచ్చా?"

"రాదు. నేర్చుకుంటాను."

"నిజం చెప్పావు గనక ఉండు. పైన గదుంది."

గడ్డాల కుర్రాళ్ళు బల్లల దగ్గర రోడ్ల గురించి, స్వేచ్ఛ గురించి మాట్లాడుకుంటుంటే వెర్లా వాళ్ళ పళ్ళేలు కడిగేది. పని అయ్యాక కిటికీ బల్ల దగ్గర నోటుబుక్కు తీసేది. రాసింది ముందు నాకే చదివేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. వాటిలో ఒకటి ఇది:

నాన్నా, నీ పచ్చిక అంగుళం దాటి పెరగదు.
నీ ఇంట్లో మాట కూడా అంతే.
నీ కారుకి రెక్కలున్నాయి, అది ఎగరదు.
నాకు లేవు,
నేనెగురుతాను.

"కళ్ళంలో పాడదగ్గ పద్యమే పిల్లా" అన్నాను. నా నోట ఆ మాట ఊరికే రాదు.

మరుసటేడు మార్చిలో తండ్రి వచ్చాడు. వెంట తెల్లకోట్లవాళ్ళు ఇద్దరు. పిల్లకి ఇరవై ఒకటి నిండలేదు, తండ్రి సంతకం చాలట. చేతికున్న సబ్బు నురగ తుడుచుకోనివ్వకుండా పిచ్చాసుపత్రి కారెక్కించారు. నోటుబుక్కు కూడా తీసుకుపోయారు. ఆమె చేసిన నేరమేమిటి? ఇంటికి రానంది, పద్యం రాసింది.

ఆరు వారాలకి నర్సొకావిడ దొంగచాటుగా నాకు ఉత్తరం పంపింది. వెర్లా తలకి ఆరుసార్లు కరెంటు పెట్టారట, ఇంకో పన్నెండుసార్లు పెట్టాలని నిర్ణయించారట. సోమవారం డాక్టర్ల ముందు విచారణ ఉంది, ఉద్యోగమూ వసతీ ఇస్తామని ఎవరైనా వచ్చి పూచీ ఉంటే వదలొచ్చని రాసింది. చదివి పొయ్యి మీది గిన్నె దించేశాను.

లైల్ దగ్గరికి వెళ్ళాను. నాలాంటి వంటమనిషి మాటకన్నా చదువుకున్న కవి మాట డాక్టర్లు వింటారనుకున్నాను.

"లైల్, సోమవారం నాతో రా. ఆ పద్యాలు పిచ్చి కాదని చెప్పు."

అతను కళ్ళు మూసుకున్నాడు. "వెర్లా పిచ్చి పవిత్రమైనది పిన్నీ. ఈ దేశంలో పిచ్చివాళ్ళే మెలకువగా ఉన్నారు."

"అంత పవిత్రమైతే ఆ మంచం మీద నువ్వెళ్ళి పడుకో. పిల్లని నేను తెచ్చుకుంటాను."

"సోమవారం మెక్సికో వెళ్తున్నాను. రోడ్డు పిలుస్తోంది."

"రోడ్డు పిలుస్తోందా! తిండివేళకి నేను పిలిస్తే మాత్రం ఎక్కడున్నా వినపడుతుందే నీకు!"

తండ్రుల మీద తిరగబడండని ఊరంతా చాటినవాడు ఒక్క తండ్రి ముందు నిలబడాల్సి వచ్చేసరికి సంచీ సర్దుకున్నాడు. ఇత్తడి పలక అతనికే.

ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆసుపత్రి గదిలో ఇద్దరు డాక్టర్లు, ఒక ముసలాయన, ఒక కుర్రాయన. పక్కన తండ్రి హాస్కెట్. వెర్లాని తెచ్చి కూర్చోబెట్టారు. నన్ను చూసి నవ్వింది గానీ పిన్నీ అని పిలవలేదు. వెళ్ళి తన పక్క కుర్చీలో కూర్చున్నాను.

కుర్ర డాక్టరు నోటుబుక్కు తెరిచాడు. "రోగి తాను ఎగరగలనని నమ్ముతోంది. తన చేత్తో తనే రాసింది. ఇదిగో" అని ఆ పద్యం చదివాడు. మందు చీటీ చదివినట్టు చదివాడు.

నేను లేచాను. "బాబూ, మా ఊళ్ళో భూస్వామి కడుపులో మూడు ఆవులున్నాయని నేను పాడాను. నాలుగూళ్ళ జనం విన్నారు. ఎవరూ ఆయన కడుపు కోసి చూడలేదు. నా తలకీ ఎవరూ కరెంటు పెట్టలేదు. భూస్వామే నాకు వైను పోశాడు. అది చదువురాని ఊరు. మరి మీరు ఎంత చదివారు?"

"అమ్మా, కూర్చోండి."

"కూర్చోను. వెర్లాకి పని నేనిస్తాను, గది నేనిస్తాను. సంతకం చెయ్యడం నాకొచ్చు. కాగితం ఇవ్వండి."

హాస్కెట్ ఎర్రబడ్డాడు. "అంతా అబద్ధం డాక్టర్! నా పరువు తీయడానికి రాసింది. అంగుళమట! నా పచ్చిక ఎప్పుడూ ముప్పావు అంగుళం దాటదు. స్కేలు పెట్టి కొలిచి మరీ కోస్తాను!"

ముసలి డాక్టరు కళ్ళజోడు తీసి అతనికేసి చూశాడు. "స్కేలు పెట్టి కొలుస్తారా?"

"ప్రతి శనివారం."

ముసలాయన నోటుబుక్కు తన ముందుకి లాక్కుని పద్యం మరోసారి, ఈసారి మెల్లగా చదువుకున్నాడు. తరువాత నా ముందుకి కాగితం తోశాడు. నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు. అది ఫైల్లో ఉండాలట. కరెంటు పెట్టి పిల్ల బుర్రలోంచి తీసేశారు, పుస్తకంలో మిగిలింది బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈ సంగతి ఇవాళ రాస్తున్నా పళ్ళు పటపటలాడుతున్నాయి.

వెర్లా మళ్ళీ గిన్నెల దగ్గర నిలబడింది. కుళాయి ఎటు తిప్పాలో మరిచిపోయింది. కిటికీ బల్ల దగ్గర కాగితం పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేది.

"ఏం రాశానో ఒక్క ముక్క గుర్తులేదు పిన్నీ. అసలు రాశానా?"

"రాశావు. నాకు వచ్చు."

పద్యాలు చెవితో పట్టుకోవడం మా కళ్ళంలో నేర్చుకున్న విద్య. ఒక్కసారి విన్నది నా దగ్గరనుంచి పోదు. రోజూ మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతూ ఒక్కొక్కటే అప్పజెప్పేదాన్ని. ఎవరివో విన్నట్టు వినేది. మూడు వారాలు అంతే. ఒకరోజు తండ్రి మీద పద్యం ఎత్తుకున్నాను.

"నాన్నా, నీ పచ్చిక ముప్పావు అంగుళం దాటి పెరగదు..."

వెర్లా చేతిలో పళ్ళెం ఆగింది.

"అంగుళం."

"ఏంటీ?"

"ముప్పావు కాదు, అంగుళం. అలాగే రాశాను."

"మీ నాన్నే చెప్పాడే, కొలిచి మరీ కోస్తాడట!"

"కొలుచుకోనీ పిన్నీ. పద్యం నాది."

చేతులు తుడుచుకోకుండానే కాగితం లాక్కుంది. నేను ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను.