ఆఖరి వరుస మూయని స్వెటర్

మా అత్తగారింట్ల నాకు ఇప్పుడు జరుగుతున్న మర్యాద చూసి కుళ్ళుకునేటోళ్ళు ఎవరన్న ఉంటే జర ఆగుండ్రి. ఆ మర్యాద వెనక ఒక ఘోరం ఉన్నది. ఆ ఘోరం నా చేతులతోనే, నిండు ఫంక్షన్ హాల్ల, పంతులు మంత్రాలు చదువుతుండంగ జరిగింది. ఇప్పటిదాక అసలు సంగతి తెలిసింది నాకు, మా ఆవిడకు. ఇయ్యాల్టి నుంచి మీకు. మా అత్తమ్మకు మాత్రం చెప్పకుండ్రి, మీకు దండం పెడత.

ముందుగాల నా సంగతి చెప్పాలె. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు హైటెక్ సిటీల, ఇల్లు నల్లగండ్లల. పొద్దంత కంప్యూటర్ ముందట కూసునేటోనికి ఒక హాబీ ఉంటే మనసు నిమ్మలంగ ఉంటదని ఎవరో చెప్పిండ్రు. నేను ఒక్కదానితోని ఆగుతనా? కీబోర్డు కొన్న. అది సరిగమల దాక వచ్చి మంచం కిందికి పోయింది. సైకిల్ కొన్న. దాని మీద మా అమ్మ తువ్వాళ్ళు ఆరేస్తది. బాల్కనీల మిరప మొక్కలు పెట్టిన. ఇంట్లనే బ్రెడ్డు చేస్తనని ఒక సీసాల పిండి పులియబెట్టిన. ఆ పిండికి పొద్దుమాపు తిండి పెట్టాలె, ఒక్కపూట మరిచిపోయినా అలుగుతది. మా ఆవిడ శిరీష ఆ సీసాను "మీ రెండో సంసారం" అంటది. ఇవన్ని చాలవన్నట్టు, వీడియోలు చూసి ఊలు అల్లుడు మొదలుపెట్టిన.

ఇది మాత్రం మస్తు కుదిరింది. ఎందుకంటరా? ఆఫీసు మీటింగుల కెమెరా బంద్ పెట్టుకొని ఎంతసేపైనా అల్లుకోవచ్చు. సూదుల టకటక విని మా మేనేజర్ ప్రసాద్ గారు "చూడండి, శ్రీనివాస్ మాట్లాడుతూనే టైపింగ్ చేసుకుంటున్నాడు" అని అందరి ముందట మెచ్చుకున్నడు. ఆ ఏడు అప్రైజల్ బాగ వచ్చిందంటే సగం పుణ్యం ఆ సూదులదే.

కాని నా బుద్ధి ఎక్కడికి పోతది? ఒక్కటీ పూర్తి కాలే. మఫ్లర్ సగం, టోపీ ముప్పావు, సాక్సు ఒక్క కాలికే. "అది ఏమైందండీ?" అని శిరీష అడిగినప్పుడల్ల నా జవాబు ఒక్కటే.

"అయిపోయినట్టే."

"ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుందండీ. అయిపోవడం వేరు, అయిపోయినట్టే వేరు!"

ఇంకో ముచ్చట కూడ ఇక్కడనే చెప్పాలె, ముందు ముందు పనికొస్తది. మాది సిద్దిపేట దిక్కు. శిరీషవాళ్ళది గోదావరి వైపు, కూకట్‌పల్లికి వచ్చి స్థిరపడ్డరు. మా పెండ్లిల మట్టెలు ఎవరు తొడగాలె అన్న దాని మీద రెండు దిక్కుల పెద్దలు అలిగి కూసుంటే, భోజనాలు చల్లారిపోయినయి. అప్పటి సంది రెండు ఇండ్ల నడుమ ఒక ఒప్పందం నడుస్తున్నది. అవతలోళ్ళ ఆచారం అర్థం కాకున్నా ఎందుకని అడుగొద్దు. దండం పెట్టి ఊకోవాలె.

ఇగ అసలు కత. మా మరదలు స్వాతి నీళ్ళోసుకున్నదని తెలవంగనె నేను ఎగిరెగిరి పడి, "బిడ్డకు స్వెటర్ నేను అల్లుత అత్తమ్మా" అని మాటిచ్చిన.

"చాలా సంతోషం అల్లుడుగారూ," అన్నది అత్తమ్మ. "కానీ పుట్టకముందే బిడ్డకి బట్టలు సిద్ధం చెయ్యకూడదండి. పుట్టాక మొదలెడుదురుగాని."

అంటే పాప పుట్టినప్పటి నుంచి ఇరవయ్యొకటో రోజు బారసాల దాక. గంతే టైము. సరిగ్గ చలికాలంల పాప పుట్టింది. ఆస్పత్రి నుంచి ఫోన్ రాంగనె పసుపుపచ్చ ఊలు తీసి మొదలుపెట్టిన. ఆ సాయంత్రం శిరీష నా ముందట కూసున్నది.

"ఏమండీ, మా అమ్మ ఊరంతా చెప్పేసింది. మా పెద్దల్లుడు స్వయంగా అల్లుతున్నాడని పిన్నివాళ్ళకీ, అత్తయ్యవాళ్ళకీ ఫోన్లు చేసి మరీ చెప్పింది. ఇది కూడా సగంలో ఆపేస్తే నేను పుట్టింట్లో తలెత్తుకోలేను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, చివరిదాకా చెయ్యండి."

"చేస్త."

"చెయ్యకపోతే ఆ కీబోర్డు, సైకిలు, సీసా, సూదులు అన్నీ పాత సామాన్లవాడి బండెక్కుతాయి."

నవ్వుకుంట అనలేదు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి ఆమెకు. సామాన్లు పోతే పోతయి గాని, పుట్టింటోళ్ళ ముందట ఆమె తలొంచుకొని నిలబడుడు ఊహించుకుంటే నాకు నిజంగ భయమైంది.

ఆ మూడు వారాలు నేను పడ్డ కష్టం పగోనికి కూడ వద్దు. కొత్తగూడ ట్రాఫిక్‌ల క్యాబు ఆగినప్పుడల్ల ఒక వరుస, లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు రెండు కుట్లు. నేను స్వెటర్ చెయ్యి అల్లుతుంటే మిరప చెట్లకు పురుగు పట్టింది. మందు కొట్టొచ్చేసరికి సీసాల పిండి పొంగి, గట్టు మీద నుంచి పారి, ఫ్రిజ్జు కిందికి పోయింది. అది తుడిచొచ్చేసరికి ఏ వరుస మీద ఉన్ననో మరిచిపోయి, అల్లింది విప్పి మళ్ళ అల్లిన.

"ఏంది సీనూ, ఇంట్ల అడుగు పెట్టంగనె సూదులు పడ్తవు? మనిషివి ఎండిపోతున్నవు," అని మా అమ్మ పరేషాన్.

"జర ఆగే అమ్మా, దీని మీద సంసారం ఉన్నది."

ఎట్లనో బారసాల రోజు వచ్చింది. ఆదివారం. నా నసీబు చూడుండ్రి, అదే ఆదివారం మా ఆఫీసుల కొత్త వర్షన్ లైవ్‌ల పెట్టుడు. దాన్ని కనిపెట్టుకొని ఉండే డ్యూటీ నాదే. "ఫంక్షన్‌కి హ్యాపీగా వెళ్ళండి శ్రీనివాస్, లాప్‌టాప్ మాత్రం వీపు మీద నుంచి దించకండి," అన్నడు ప్రసాద్ గారు.

కూకట్‌పల్లి దాక శిరీష కారు నడిపింది. నేను పక్క సీట్ల కూసొని ఆఖరి చెయ్యి అల్లుతనే ఉన్న. చెవిల ఇయర్‌ఫోను, వీపుకు బ్యాగు. ఫంక్షన్ హాల్ కాడ దిగేటప్పటికి మిగిలింది ఒక్కటే పని, ఆఖరి వరుస మూసుడు.

అల్లిక తెలవనోళ్ళకు ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలె. ఆఖరి వరుసను ఒక్కొక్క కుట్టు ముడేసి మూయాలె. మూయకుంటే ఆ కుట్లన్ని నోళ్ళు తెరుచుకొని ఉంటయి. నాది ఒకే దారంతోని అల్లింది, ఆ దారం గుంజితే చాలు, ఒకదాని ఎనక ఒకటి ఊడుకుంట మొత్తం స్వెటరే విప్పుకుంటది.

నేను మూయనీకి కూసున్ననో లేదో, అత్తమ్మ చుట్టాలందరిని వెంటేసుకొని వచ్చింది.

"ఇదిగో, మా పెద్దల్లుడుగారు! ముహూర్తం దగ్గరపడిందండి అల్లుడుగారూ. స్వెటర్ అయిపోయిందా?"

అందరు నా దిక్కే చూస్తున్నరు. వాళ్ళ వెనకాల శిరీష ఊపిరి బిగబట్టి నిలబడ్డది. అత్తమ్మా, ఇంకో పావుగంట ఆగుండ్రి అంటే ఏం పోయేది? కాని మర్యాద పోతదేమోనని నాకు పుట్టిన బుద్ధి చూడుండ్రి.

"అయిపోయినట్టే అత్తమ్మా."

శిరీష కండ్లు పెద్దగైనయి. నేను సూదులు ఊడబెరికిన, పసిబిడ్డ దగ్గర సూదులెందుకని. పాపను ఉయ్యాలల వేసినంక స్వెటర్ అడిగి తీసుకొని, పక్కకు పోయి నిమ్మలంగ మూసేద్దామని నా ప్లాను. మూయనీకి దారం కావాలె కద, అందుకని కోయలే. మిగిలిన చిన్న ఉండను బ్యాగుల పడేసి జిప్పు గుంజిన. దారం ఆ జిప్పు పండ్లల్ల గట్టిగ ఇరికింది. అది నేను చూసుకోలే.

పాపకు స్వెటర్ తొడిగిండ్రు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని అందరు మెచ్చుకుంటుంటే శిరీష ముఖం వెలిగిపోయింది. పెండ్లైనంక నా వల్ల ఆమె అంత మురిసింది అదే మొదటిసారి అనుకుంట. పాపను ఉయ్యాలల పండుకోబెట్టిండ్రు. పంతులు మంత్రం అందుకున్నడు.

ఫోన్ మోగింది. ప్రసాద్ గారు.

"శ్రీనివాస్! లాగిన్ పేజీ ఓపెన్ కావట్లేదు! క్లయింట్ లైన్లో ఉన్నాడు! ఏం చేద్దాం?"

ఫోన్ల మాట్లాడేటప్పుడు నడవకుంటే నాకు మాట రాదు. ఉయ్యాల కాడి నుంచి కదిలిన. హాల్ నడుమ నాలుగు స్తంభాలున్నయి. తల వంచుకొని, చెవి మీద చెయ్యి పెట్టుకొని వాటి చుట్టు తిరుగుడు మొదలుపెట్టిన.

"సర్వర్ రీస్టార్ట్ చెయ్యుండ్రి... క్యాష్ క్లియర్ చెయ్యుండ్రి... మళ్ళ రీస్టార్ట్..."

నా వెనకాల ఏం జరుగుతున్నదో నాకు తెల్వదు. ఇది తర్వాత శిరీష చెప్పింది. పాప చేతి కాడి నుంచి పసుపుపచ్చ దారం ఒకటి లేచి, నా వీపు వెంట పోయి, స్తంభాల చుట్టు తిరుగుతున్నదట. అత్తమ్మ అది చూసి చెల్లెలి చెవిల చెప్పింది. "అల్లుడుగారి వైపు ఆచారం కాబోలు. పసుపు దారంతో ప్రదక్షిణం చేస్తున్నారు. ఏమిటని అడక్కు, బావుండదు."

హాల్ ఇంకో మూలకు మా అమ్మ పక్కావిడతోని అదే ముచ్చట. "వీళ్ళ దిక్కు ఆచారమట. మా ఓనితోని చేపిస్తున్నరు. మనకెందుకు, దండం పెడదాం."

ఇగ చూడుండ్రి. దారం అడ్డమొస్తే ముసలోళ్ళు వంగి దాని కింది నుంచి పోతున్నరు. ఆడోళ్ళు దాన్ని కండ్లకద్దుకుంటున్నరు. ఎవరో పెద్దమనిషి దానికి కుంకుమ బొట్టు కూడ పెట్టిండట. పంతులు ఒక క్షణం ఆలోచించి, ఎందుకైన మంచిదని ఇంకో మంత్రం అందుకున్నడు. నా మీద అక్షింతలు పడుతున్నయి. పెద్దల్లుడంటే గౌరవం గట్లనే ఉంటది అనుకొని నేను నడుస్తనే ఉన్న.

"వచ్చేసింది శ్రీనివాస్! పేజీ ఓపెన్ అయింది! సూపర్!"

అమ్మయ్య అనుకొని వెనక్కి తిరిగిన. హాలంత పసుపుపచ్చ దారం. స్తంభం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి... ఉయ్యాలకు. పాప స్వెటర్‌కు ఒక చెయ్యి లేదు.

నా గుండె జారి చెప్పులల్ల పడ్డది.

"ఆపుండ్రి! కత్తెర! ఎవరన్న కత్తెర తెండ్రి!"

"అయ్యో, తెంపకండి అల్లుడుగారూ!" అని అత్తమ్మ గుండెల మీద చెయ్యేసుకున్నది. "శుభమా అని జరుగుతుంటే మధ్యలో తెంపుతారా?"

అదే నిమిషంల అవతలి నుంచి మా అమ్మ. "నోర్ముయ్ సీనూ! పెద్దోళ్ళు పెట్టిన ఆచారాన్ని నడుమ తెంపుతవా? అరిష్టం!"

ఇద్దరు వియ్యపురాండ్లు ఒకరినొకరు చూసుకొని మెచ్చుకోలుగ తలూపిండ్రు. మా పెండ్లినాటి సంది వాళ్ళిద్దరు ఒక్క మాట మీద నిలబడుడు అదే మొదలు.

నేను శిరీష దిక్కు చూసిన. ఆమెకు అంత అర్థమైంది. కొంగు నోట్ల కుక్కుకొని నిలబడ్డది. ఏడుస్తున్నదో, నవ్వు ఆపుకుంటున్నదో తెల్వదు. నిజం చెప్తే ఆమె పరువు పోతది. చెప్పకుంటే స్వెటర్ పోతది.

శిరీష కొంగు జర పక్కకు తీసి, పెదవులతోనే చెప్పింది. "నడవండి."

నడిచిన. ఏం చేస్త? మెల్లగ, భక్తిగ, స్తంభాల చుట్టు. మూడు వారాలు క్యాబులల్ల, లిఫ్టుల కాడ అల్లిన కుట్లు ఒక్కొక్కటి ఊడుతుంటే నా ప్రాణం ఒక్కొక్క చుక్క పోతున్నట్టున్నది. రెండో చెయ్యి పోయింది. పొట్ట పోయింది. మెడ కాడికి వచ్చేసరికి పంతులు గంట వాయించిండు. ఆఖరి కుట్టు టప్పున ఊడింది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. పాప మాత్రం లోపలి జుబ్బా మీద హాయిగ నిద్రపోతనే ఉన్నది.

అత్తమ్మ దారమంత ఉండగ చుట్టి, ఉయ్యాల తలాపున పెట్టింది. "బిడ్డకి తొడిగి, దిష్టంతా దానికి పట్టించి, విప్పేయడం! ఎంత చక్కటి ఆచారం వదినగారూ మీది!"

"మాదేముంది వదినె, అంత మీదే," అన్నది మా అమ్మ.

"అబ్బే, అది మీ మంచితనం."

ఆ మర్యాదల నడుమ అసలు సంగతి అక్కడనే సమాధైపోయింది.

వచ్చేటప్పుడు కూడ శిరీషనే కారు నడిపింది. వెనక సీట్ల అమ్మ కునుకు తీస్తున్నది. మియాపూర్ దాటినంక మెల్లగ అడిగిన.

"సామాన్లు... బండెక్కినట్టేనా?"

శిరీష కారు పక్కకు ఆపింది. స్టీరింగు మీద తల పెట్టుకొని నవ్వుడు మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకొని నా దిక్కు తిరిగింది.

"ఎలా తీసేస్తానండీ? పెళ్ళయ్యాక మీరు మొదలుపెట్టి చివరిదాకా పూర్తి చేసిన పని ఇదొక్కటే. ఒక్క కుట్టు కూడా మిగల్చలేదు!"

అక్కడితోని అయిపోతే బాగుండు. వారం తిరగకముందే అత్తమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ చెల్లెలి మనవడికి బారసాలట. "అందరూ మీ దారం గురించే అడుగుతున్నారండి. మీరే అల్లుకొచ్చి, మీరే దగ్గరుండి విప్పాలి. కాదనకండి అల్లుడుగారూ!"

అందుకే, పులిసిన పిండి సీసా మీద కుడిచెయ్యి పెట్టి, మీ అందరి ముందట ఒట్టు పెడుతున్న. ఇగ ఈ జన్మల ఆఖరి వరుస మూయంది సూది తియ్య. బ్యాగు జిప్పు చూసుకోంది అడుగు కదల్ప. చేతిల పని ఉండంగ ఇంకో పని నెత్తికెత్తుకోను. "అయిపోయినట్టే" అన్న మాట నా నోట్లకెళ్ళి వస్తే ఈ పిండి మీదొట్టు, ఇది నా మొఖం చూడకుండ పోవాలె.

వంటింట్లకెళ్ళి శిరీష అడుగుతున్నది. "ఏమండీ, పిన్నివాళ్ళ మనవడి స్వెటర్ ఎంతవరకొచ్చింది? బారసాల రేపే!"

ఒడిల ఉన్న అల్లిక దిక్కు చూసుకున్న. రెండు చేతులు, జరంత మెడ మిగిలినయి.

"అయిపోయినట్టే!"