బొప్పాయి చెట్టు మీది తల్లిపురుగులు

మొన్న మియాపూర్‌లో మా చర్చి సంఘం కోతపండుగకు వెళ్లినప్పుడు, ప్రథమ ఫలాల బల్ల మీద ఎవరో పెట్టిన బొప్పాయికి దుకాణం స్టిక్కర్ అలాగే అంటుకుని ఉండటం చూసి నవ్వబోయి ఆగిపోయాను. తొంభైల చివర బోరబండలో ఒక్క బొప్పాయి కాయ కోసం నేను పడ్డ ఆరాటం గుర్తుకొచ్చింది.

పెళ్లయి గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కొత్త. మా ఊళ్లో నాన్న ఏటా కోతపండుగకు వరికంకుల పన భుజాన వేసుకుని గుడికి వెళ్లేవారు. ఇక్కడ నేను రెండేళ్లు కానుక డబ్బుల కవరు మాత్రమే పట్టుకుని వెళ్లాను. నా చేత్తో పండించినది ఒక్కటైనా దేవుని ముందు పెట్టాలని, ఇంటి యజమానురాలైన అక్కను బతిమాలి కిరాయి ఇంటి పెరట్లో బొప్పాయి గింజ నాటాను. తొలికాయ ఆయనదేనని మొక్కుబడి చేసుకున్నాను.

మాదాపూర్ వైపు ఆఫీసుల కోసం గుట్టలు పేల్చుతున్న రోజులవి. ఆకుల మీద దుమ్ము, ఆకుల కింద పిండి చల్లినట్టు తెల్లటి పురుగులు. కాయ పిడికెడయ్యేసరికి చెట్టంతా జిగురైపోయింది. అక్క తన గులాబీలకు అడ్డంగా నిలబడింది.

"ఏంది చెల్లె గిట్లయింది? నా పూలకెక్కినయంటే ఊకోను. ఐతారం దాక చూస్త, ఇగ కొట్టేపిస్త."

రోజూ ఉదయం ప్రార్థన చేసుకోవడం, పుల్లతో పురుగుల్ని సబ్బునీళ్లలోకి రాల్చడం, ఇదే పని. వాటిలో కొన్ని రెండింతలు పెద్దవి, ఒంటినిండా దూదిపోగులు. గుంపుకు తల్లులవేననుకుని ముందు వాటినే ఏరి చంపాను.

శుక్రవారం నాడు చేయి నొప్పి పుట్టి, చెట్టు పక్కన మునిగాళ్ల మీద కూర్చుని ఊరికే చూస్తున్నాను. ఒక తల్లిపురుగు చిన్నదాన్ని పట్టింది. ముద్దాడుతోందనుకున్నాను. తినేస్తోంది! అది ముగించి ఇంకొకటి, ఆపైన మరొకటి. పురుగుల్ని తొలగించమని నేను వేడుకుంటుంటే, తొలగించేవాటిని ఆయన అప్పటికే పంపి ఉన్నాడు. వాటినే నేను సబ్బునీళ్లలో ముంచుతున్నాను.

అక్కను లాక్కొచ్చి చూపించాను. చాలాసేపు వంగి చూసి, నడుము పట్టుకుని లేచింది.

"మీ దేవుడు మంచోడే గాని, నీ తోని పరేషాన్. దండం పెట్టినంక జర చేతులు కట్టుకోవాలె చెల్లె!"

గొడ్డలి మాట మళ్లీ ఎత్తలేదు. ఆ దూదిపురుగులే ముడుచుకుని, కొన్నాళ్లకు మిరియపు గింజంత నల్లని పెంకుపురుగులై ఎగిరాయి. ఎవరూ చల్లని మందు, ఎవరూ పిలవని కూలీలు. చెట్టు తేరుకుంది. తొలికాయ వంకరగా, మచ్చతో పండింది. దాన్ని అలాగే తీసుకెళ్లి ప్రథమ ఫలాల బల్ల మీద పెట్టాను.

తర్వాత ఆ స్థలంలో అపార్టుమెంటు లేచింది. ఇప్పుడు మా సంఘంలో చాలామందిమి పై అంతస్తుల వాళ్లం. దేవునికి ఇవ్వడానికి ఏ కొరతా లేదు. ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటానికి జానెడు మట్టే లేదు.